చలి పడని భార్యలు

"మీరు రాసిన ఐదు కారణాల్లో ఒకటి జనాభా లెక్కల ముందు నిలబడదు. మిగిలిన నాలుగూ మగవాళ్ళు చెప్పినవి. మళ్ళీ రాయండి."

నా వ్యాసం పక్కన మా ప్రొఫెసర్ పెట్టిన ఈ కామెంటు చదివి ఒళ్ళు మండిపోయింది. నేను కెనడా వచ్చింది డేటా ఎనలిటిక్స్ చదవడానికి. ఎవరు ఎందుకు పెళ్ళి చేసుకున్నారో తేల్చడానికి కాదు. కానీ డిప్లొమా చేతికి రావాలంటే మా బ్రాంచితో సంబంధం లేని సబ్జెక్టు ఒకటి పాసవ్వాలి. పశ్చిమ కెనడా చరిత్ర తీసుకో, పరీక్ష ఉండదు, ఒక్క వ్యాసంతో అయిపోతుంది అని సీనియర్లు చెప్పారు. ఆ ఏడాది మా కాలేజీ ఉన్న లెత్‌బ్రిడ్జ్‌లో ఏ బస్సెక్కినా మన తెలుగు పిల్లలే. ఒకరు తీసుకున్న సబ్జెక్టే అందరం తీసుకుంటాం. నేనూ తీసుకున్నాను.

ఇచ్చిన అంశాల్లో రైలు పట్టాల గురించి ఒకటి, గోధుమల గిడ్డంగుల గురించి ఒకటి ఉన్నాయి. మూడోది, తొలినాటి మార్మన్లు ఒకరి కంటే ఎక్కువమందిని పెళ్ళాడటానికి కారణాలేమిటి అన్నది. ఇది చాలా సులువు అనుకున్నాను. రెండు పెళ్ళిళ్ళ సంగతి నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్నకు ఇద్దరు భార్యలు.

మార్మన్లంటే పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్ళు. వాళ్ళను మొదట నడిపించిన జోసెఫ్ స్మిత్, ఇలా పెళ్ళాడటం దేవుడి ఆజ్ఞ అని చెప్పాడట. తర్వాత వాళ్ళంతా యూటా కొండల్లోకి వెళ్ళి స్థిరపడ్డారు. అమెరికా చట్టం వెంటపడి జైల్లో పెట్టడం మొదలయ్యాక, 1887లో కొందరు బళ్ళు కట్టుకుని సరిహద్దు దాటి ఇక్కడికి, మా ఊరికి గంట దూరంలో ఉన్న కార్డ్‌స్టన్‌కి వచ్చారు. 1890లో వాళ్ళ చర్చి ఆ పద్ధతిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

నేను రాసిన కారణాలు ఇవీ: దేవుడు చెప్పాడు గనక. బైబిలు పాత నిబంధనలో పెద్దలు చేశారు గనక. భక్తిగల ఇళ్ళల్లో ఎక్కువమంది పిల్లలు పెరగాలి గనక. ఇక్కడ కట్టిన ముడి చచ్చాక కూడా ఉంటుందని నమ్మారు గనక. అయిదోది, ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళు తక్కువ, దిక్కులేని ఆడవాళ్ళకు నీడ కావాలి గనక. ఈ అయిదోది ఎవరో ఇంటర్నెట్లో రాస్తే నాకు భలే నచ్చింది. తీరా చూస్తే ఆ కాలపు యూటా జనాభా లెక్కల్లో మగవాళ్ళే కాస్త ఎక్కువట! నేను చదివేదే డేటా. ఆ లెక్క ఒక్కసారి చూసుకోవద్దా? సిగ్గేసింది.

ఆ వారంలోనే నాన్న ఫోన్ చేశారు. మాకు పొద్దున ఏడైతే కోదాడలో రాత్రి ఏడున్నర. నాన్న పేరు కోటేశ్వరరావు. ఎరువుల కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు మాట్లాడతారు.

"జూన్‌లో మీ కాలేజీ కాన్వొకేషన్ అన్నవు గదా. ఆ ఇన్విటేషన్ లెటరేదో పంపు. నేను, మీ పెద్దమ్మ వస్తం."

"మరి అమ్మ?"

"కాయితాల్లో అమ్మంటే పెద్దమ్మేనాయె" అన్నారు నాన్న, కొట్టులో లేని ఎరువు అడిగిన రైతుకు చెప్పినట్టు.

ఇది అర్థం కావాలంటే మా ఇల్లు కొంచెం చెప్పాలి. నన్ను కన్నది కమలకుమారి. ఆమెను అమ్మ అంటాను. ఆమె సొంత అక్క హైమావతి నాన్న మొదటి భార్య. ఆమెను పెద్దమ్మ అంటాను. పాలిచ్చింది అమ్మ, జడలు వేసింది పెద్దమ్మ, తిట్టింది ఇద్దరూ. పెద్దమ్మకు పిల్లలు కలగలేదని, ఆవిడే పట్టుబట్టి చెల్లెల్ని తెచ్చి నాన్నకు మట్టపల్లి గుళ్ళో పెళ్ళి చేసిందని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. నన్ను బళ్ళో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు తల్లి పేరు అడిగితే నాన్న హైమావతి అని చెప్పారు. రేషన్ కార్డులో భార్యగా ఉన్నది ఆ పేరే. రెండో పెళ్ళి చట్టానికి తెలియదు కదా. ఆ పేరు పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి, అక్కడి నుంచి నా కెనడా వీసా ఫారంలోకి వచ్చి కూర్చుంది. ఫారంలో తల్లి అన్నచోట ఒక్క గడే ఉంటుంది. అప్పుడు ఏమీ ఆలోచించకుండా పాస్‌పోర్టు చూసి దించేశాను.

నాన్న దగ్గర ఫోన్ తీసుకుని అమ్మ అంది, "నాకు చలి పడదే. వాళ్ళు వస్తరులే."

"జూన్‌లో ఇక్కడ చలి ఉండదమ్మా."

"నువ్వు పంపే ఫొటోల్లో ఎప్పుడు జూసినా మంచే. నా వల్ల గాదు తల్లీ" అని నవ్వేసింది. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది. నేను నమ్మేశాను.

నేనూ నా రూమ్మేటూ అద్దెకుండే బేస్‌మెంటు పైన మా ఇంటి ఓనరు నార్మా ఉంటుంది. ఎనభై ఒక్కేళ్ళు. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలవాలట. నాకు నోరు రాక ఆంటీ అంటాను. మొదట్లో, "నేను నీకు ఆంటీని ఎలా అవుతాను?" అని అడిగేది. ఇప్పుడు ఆ పిలుపు వినపడకపోతే పలకదు. కార్డ్‌స్టన్ మనిషి, ఆదివారం చర్చికి తప్పకుండా వెళ్తుంది. మార్మన్ అని తెలుసు గానీ, మీ తాతలకు ఎంతమంది భార్యలని అడగడం ఎలా? వ్యాసం తిరిగొచ్చాక ఇక సిగ్గు విడిచి వెళ్ళాను.

నా కాగితాలు కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివింది. "దేవుడు చెప్పాడని నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. వాళ్ళు దాన్ని నిజంగా నమ్మారమ్మాయ్. నువ్వు నమ్మక్కర్లేదు. కానీ వాళ్ళు నమ్మలేదన్నట్టు మాత్రం రాయకు. ఆడవాళ్ళు కూడా డైరీల్లో రాసుకున్నారు. ఏడ్చామని, ప్రార్థించామని, ఆ తర్వాత ఒప్పుకున్నామని. ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు" అంది.

"మీ ఇంట్లో?" అన్నాను.

నార్మా ఆంటీ వేడి పాలలో చాక్లెట్ కలిపి తెచ్చింది. వాళ్ళ ముత్తాతకు ఇద్దరు భార్యలట. అమెరికా పోలీసులు వెతుకుతుంటే ఈ దేశం బయలుదేరాడు. ఉన్న కుటుంబాలతో రానివ్వండని మార్మన్ పెద్దలు రాజధాని ఒట్టావా వెళ్ళి అడిగితే, కెనడా ప్రభుత్వం కుదరదంది. దాంతో వచ్చినవాళ్ళు చాలామంది ఒక్కో భార్యనే తెచ్చుకున్నారు. వాళ్ళ ముత్తాత రెండో ఆమెను తెచ్చుకున్నాడు. ఆమె నార్మా ఆంటీకి ముత్తవ్వ. మొదటి భార్య లిడియా యూటాలో ఉండిపోయింది.

"ఆవిడే ఎందుకు ఉండిపోయింది?"

"లిడియాకు చలి పడదని మా ఇంట్లో అందరూ చెప్పేవాళ్ళు. నేనూ నా పిల్లలకు అదే చెప్పాను" అని ఆంటీ లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. "మా అమ్మ పోయాక ఇది దొరికింది. లిడియా ఉన్న లోయలో కిటికీల దాకా మంచు పడుతుంది. ఆవులకు నీళ్ళు పెట్టాలంటే రోజూ తెల్లారి తొట్టిలో మంచు పగలగొట్టేది. ఆమెకు చలి పడకపోవడమేమిటి?"

కవర్లో ఉన్నది లిడియా రాసిన ఉత్తరం. భర్తకు కాదు, సవతికి. ఎండబెట్టిన పీచ్ పళ్ళు ఒక సంచి పంపుతున్నానని, వాటిని ఎలా నానబెట్టాలో రాసింది. గోధుమ పిండికి పురుగు పట్టకుండా చూసుకోమంది. చివర్లో ఒక వాక్యం. ఆంటీ వేలు పెట్టి చూపిస్తే నేనే చదివాను.

"నేనెందుకు రాలేదని పిల్లలు అడిగితే, చలికి భయపడిందని చెప్పు."

మా అమ్మ ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచి బావి దగ్గర చన్నీళ్ళు పోసుకునే మనిషి. తలుపు సందులోంచి చలిగాలి వస్తోందని మేము దుప్పట్లు ముసుగుతన్నితే నవ్వేది. ఆమెకు చలి పడదా!

"మరి అసలు కారణం ఏమిటి ఆంటీ?"

"నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నాను. ఒకసారి ఆమె త్యాగం చేసిందనిపిస్తుంది. ఒకసారి ఆయన మీద కోపమనిపిస్తుంది. ఇంకోసారి హాయిగా ఒక్కతే ఉందామనుకుందేమో అనిపిస్తుంది" అంది ఆంటీ.

అక్కడితో నా బుర్ర పాడైంది. నాన్న వాళ్ళ వీసా ఫారం నింపుదామని కూర్చుంటే అందులో వాళ్ళ పెళ్ళి తేదీ అడిగారు. నాన్నకు మెసేజ్ పెట్టాను. 1998 మే 14 అని జవాబొచ్చింది. అది పెద్దమ్మ పెళ్ళి. అమ్మ పెళ్ళి ఎప్పుడని అమ్మనే అడిగాను. "మాఘమాసంలో. నువ్వు ఆ ఏడు డిసెంబర్ల పుట్టినవ్" అంది. నేను పుట్టింది 1999లో. మాఘమాసమంటే ఫిబ్రవరి. మే నుంచి ఫిబ్రవరికి వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. తొమ్మిది నెలలు. పెళ్ళయిన తొమ్మిది నెలలకే పెద్దమ్మకు పిల్లలు పుట్టరని ఎవరు తేల్చారు?

ఇరవై మూడేళ్ళుగా వింటున్న కారణం ఒక్క కూడికతో కూలిపోయింది. ప్రొఫెసర్ నాకు చేసిన పనే నేను మా ఇంటికి చేశాను. సంతోషం మాత్రం కలగలేదు.

మొదట నాన్ననే అడిగాను. "వాళ్ళిద్దరూ అనుకున్నరు. నేనేం జేస్త?" అన్నారు.

"మీకు ఇష్టమేనా అప్పుడు?"

"సిగ్నల్ సరిగ్గా లేదమ్మా" అని పెట్టేశారు. సిగ్నల్ శుభ్రంగా ఉంది. వెనకాల టీవీలో వార్తలు కూడా వినిపించాయి.

పెద్దమ్మ మాత్రం తప్పించుకోలేదు. తొమ్మిది నెలల సంగతి చెప్పాను. మెల్లగా మొదలుపెట్టింది.

"మా అమ్మానాన్న ఒకళ్ళెనక ఒకళ్ళు పోయిండ్రు. నా పెళ్ళయినంక కమల మా బాబాయి ఇంట్లో ఉండేది. గొడ్డుచాకిరీ. ఆయన దానికి యాభై ఏండ్లోణ్ణి చూసిండు. దాన్ని నా దగ్గరికి తెచ్చుకుందామంటే, పెళ్ళిగాని పిల్లని అక్క మొగుడింట్లో ఎట్లా పెడతరే? ఊరు ఊరుకుంటదా? నాకింకో దారి తెల్వలే. డాక్టరు నాకు పిల్లలు పుట్టరన్నడని మీ నాన్నకి జెప్పిన."

"ఏ డాక్టరు?"

"ఏ డాక్టరూ లేడు" అంది పెద్దమ్మ. "నోటికొచ్చింది జెప్పిన. తర్వాత నాకు నిజంగనే పుట్టలే. నేనన్న మాట దేవుడు గూడ నమ్మిండు."

నాకు ఏడుపు ఆగలేదు. కాలేజీకి వెళ్ళే బస్సులో ఉన్నాను. పక్కసీటు పంజాబీ అమ్మాయి ఏమీ అడక్కుండా టిష్యూ ఇచ్చింది. ఇదే అసలు కారణం, దొరికింది అనుకున్నాను. ఆ మర్నాడు అమ్మకు చెప్పాను, నాకు అంతా తెలిసిపోయిందని.

"అక్క అట్లా జెప్పిందా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. "అది ఎప్పుడూ ఇంతే, అన్నీ దాని మీదేసుకుంటది. నేనే అడిగిన దాన్ని. ఆ ముసలోడికి ఇస్తే బాయిల దూకుతా, నన్ను మీ ఇంటికి తీసుకపో, ఎట్ల తీసుకపోతవో నాకు తెల్వదు అని ఉత్తరం రాసిన. దాని కాపురంల నేను నిప్పులు బోస్తనని తెల్వదా నాకు? తెలిసే రాసిన."

"మరి నాన్న?"

"మీ నాన్న మంచోడే" అని దాటేసింది.

ఇద్దరిలో ఎవరిది నిజం? ఇద్దరిదీ నిజమేనా? అందరి కారణాల్లోనూ ఎవరో ఒకరు ఎవరినో కాపాడుతున్నారు. నాన్న కోరిక అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నా ఐదు కారణాల్లోనూ అది లేదు. లేదు కాబట్టి లేదనుకోవాలా, ఉంది కాబట్టే ఎవరూ అనడం లేదనుకోవాలా? తల బొప్పి కట్టింది.

వ్యాసం మళ్ళీ రాశాను. నార్మా ఆంటీ చెప్పిన నమ్మకం గురించి ఈసారి రెండు పేజీలు రాశాను. ఆడవాళ్ళ డైరీల్లోంచి ఏడ్చినవాళ్ళనీ, గర్వపడినవాళ్ళనీ, ససేమిరా అన్నవాళ్ళనీ చేర్చాను. ఆంటీ అనుమతితో చలికి భయపడిన లిడియానూ చేర్చాను. వాళ్ళు చెప్పిన కారణాలు ఇవి, చెప్పనివి నాకు తెలియవు అని ముగించాను. పాసయ్యాను. చివర ఒక కామెంటు ఉంది: "బాగుంది. ఇంతకీ మీరు దేన్ని నమ్ముతున్నారు?"

నాకే తెలియదు మహాప్రభో.

తెలిసింది ఒక్కటే. మా అమ్మను లిడియా చేయకూడదు. ఇన్విటేషన్ లెటర్లో కమలకుమారి, నా తల్లి అని టైపు చేశాను. చూసి నా రూమ్మేట్ తేజశ్రీ అరిచినంత పని చేసింది. తను విజయవాడ అమ్మాయి. మా అందరి ఫారాలూ తనే చూసిపెడుతుంది.

"నీకేమన్నా పిచ్చా? స్టడీ పర్మిట్ అప్లై చేసినప్పుడు అమ్మ పేరు హైమావతి అని ఇచ్చావు కదా. ఇప్పుడు ఇంకో అమ్మ ఎక్కడి నుంచి వచ్చిందంటారు? తప్పుడు సమాచారం ఇచ్చావని మిస్‌రెప్రజెంటేషన్ కింద పెడితే ఐదేళ్ళు బ్యాన్. నీ వర్క్ పర్మిట్ పోతుంది, రేపు ఇక్కడే స్థిరపడటానికి ఇచ్చే పీఆర్ కూడా పోతుంది."

"కన్నతల్లిని తల్లి అని రాస్తే తప్పా?"

"తప్పు ఇప్పటిది కాదే. మీ నాన్న స్కూల్లో చెప్పిన రోజుది."

రెండు రోజులు ఆ లెటర్ తెరిచి ఏడుస్తూ కూర్చున్నాను. మూడో రోజు పెద్దమ్మే వీడియో కాల్ చేసింది. పక్కన అమ్మ ఉంది. వెనక కుర్చీలో నాన్న రిమోట్ పట్టుకుని ఎటో చూస్తున్నారు.

"నువ్వు ఏడుస్తున్నవని ఆ తేజశ్రీ ఫోన్ జేసి అంతా చెప్పింది" అంది పెద్దమ్మ. "ఇగో, మేం ఇద్దరం అనుకున్నం. మీ నాన్న ఆగుతడు. కొట్టు జూసుకుంటడు. మేమిద్దరం వస్తం. నేను కాయితంల ఉన్నట్టే మీ అమ్మగా వస్త. కమల నాకు సొంత చెల్లెలేనాయె, అది అబద్ధం గాదు గదా. తల్లి చెల్లెలని రాయి."

నాన్న ఏమన్నా అంటారేమో అని చూశాను. ఆయన ఛానల్ మార్చారు.

నేను అమ్మ వంక చూశాను. "నీకు చలి పడదన్నావుగా?"

"ఎవరన్నరు?" అంది అమ్మ.

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని లెటర్ తెరిచాను. మొదటి పేరు దగ్గర హైమావతి, తల్లి అని ఎప్పట్లాగే పడిపోయింది. రెండో పేరు దగ్గర చేతులు కదల్లేదు. నాకు ఏమీ కాని నార్మాను రోజూ పదిసార్లు ఆంటీ అని పిలుస్తాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు నన్ను మోసి కన్న మనిషిని, ఆమె చూస్తుండగా, నా చేత్తో ఆ ఆంటీల వరసలో పెట్టాలి. నా వల్ల కాదమ్మా అన్నాను.

అమ్మ ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. తెర నిండా ఆమె కళ్ళే కనిపించాయి.

"రాయి తల్లీ. మా అక్క ఇరవై మూడేండ్లు నీతోని పెద్దమ్మా అని పిలిపిచ్చుకుంది. నేను ఒక్క కాయితంల పిన్నినైతే ఏంబోయింది?"

పెద్దమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. నేను రాశాను.